కర్నూలులో 30–40 లక్షలు పెట్టాలంటే: ప్లాటా, ఫ్లాటా, పోర్షన్ల ఇల్లా, అంగడా?

రిటైరైన టీచరుగారి ఖాతాలో గ్రాట్యుటీ డబ్బులు పడ్డాయని తెలిస్తే చాలు, సలహాలు మొదలవుతాయి. ఏజెంటు ఓర్వకల్లు వైపు కొత్త వెంచరు చూపిస్తానంటాడు. బావమరిది నంద్యాల రోడ్డులో కడుతున్న అపార్ట్‌మెంటు గురించి చెబుతాడు. పక్కింటాయన మాత్రం రెండు పోర్షన్ల మిద్దె కొనుక్కుని బాడుగకు ఇచ్చుకోమంటాడు. ఎవరి మాట వాళ్ళకు నిజమే. కానీ ఆ డబ్బు మళ్ళీ సంపాదించే వయసు కాదు టీచరుగారిది. అందుకే ఈ మూడూ, అంగడి గదీ కలిపి నాలుగు దారుల్లో ఏది ఎవరికి సరిపోతుందో లెక్కలతో సహా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఊళ్ళోనే ఉంటూ, నెలనెలా కొంత డబ్బు చేతికి రావాలనుకునేవాళ్ళకు జనం స్థిరపడిన కాలనీలో రెండు పోర్షన్ల ఇల్లు మేలు. పదేళ్ళ దాకా ఆ డబ్బుతో పని పడనివాళ్ళు మాత్రమే ప్లాటు జోలికి వెళ్ళాలి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఒక ఆస్తి ఉండాలనుకునేవాళ్ళకు ఫ్లాటు. అంగడి గది ఆరు నెలలు ఖాళీగా ఉన్నా ఇల్లు గడిచేవాళ్ళకు.

ప్లాటు: వార్త నిజమైనా ధర నిజం కాకపోవచ్చు

కర్నూలు చుట్టూ స్థలాల ధరలు వార్తలను బట్టి ఊగుతాయి. 2020 జనవరిలో కర్నూలే న్యాయ రాజధాని అని శాసనసభలో బిల్లు పెట్టారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. ఈ మధ్యలో, 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు కూడా ఉంది. ఇవన్నీ జరిగినవే, కాదనేవాళ్ళు లేరు. కానీ విమానాశ్రయం వచ్చినంత మాత్రాన దానికి పది కిలోమీటర్ల అవతల పొలంలో వేసిన లేఅవుటులో ఎవరు ఇల్లు కడతారు? ఎవరూ ఇల్లు కట్టని చోట మీ ప్లాటు కొనేది మీలాగే ధర పెరుగుతుందని ఆశపడే ఇంకొకరే. ఆ ఇంకొకరు దొరకని ఏడాది మీకు డబ్బు అవసరం పడితే వచ్చిన ధరకు ఇచ్చుకోవాల్సిందే.

లెక్క చూద్దాం. 20 లక్షల ప్లాటు కొంటే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే లక్షన్నర. చేతి నుంచి పోయింది 21.5 లక్షలు. ఆ మొత్తాన్నే 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే అయిదేళ్ళలో సుమారు 30 లక్షలవుతుంది. పన్నులు పక్కనపెట్టి చూసినా ప్లాటు అయిదేళ్ళకు 30 లక్షలకు అమ్ముడుపోతేనే బ్యాంకుతో సమానం. కార్పొరేషన్ పరిధిలో ఉంటే ఏటా ఖాళీ స్థలం పన్ను కూడా కట్టాలి. రెండేళ్ళలోపు అమ్మితే వచ్చిన లాభం మామూలు ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. రెండేళ్ళు దాటితే 12.5 శాతం. "రెండేళ్ళలో డబుల్" అని చెప్పేవాళ్ళు ఈ లెక్కలేవీ చెప్పరు.

ధర సంగతి అలా ఉంచి కాగితాల సంగతి చూద్దాం. మన దగ్గర తక్కువకు వస్తుందని చెప్పే స్థలాల్లో చాలా వాటి వెనక మూడు రకాల చిక్కులుంటాయి.

మొదటిది డీకేటీ పట్టా. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అమ్మడానికీ కొనడానికీ వీల్లేదని 1977 నాటి చట్టం చెబుతుంది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన వాటికి షరతులతో హక్కులు కల్పించారు. అమ్మేవాళ్ళు ఈ సవరణను చూపించి "ఇప్పుడు ఇబ్బంది లేదు సార్" అంటారు. మాట వినొద్దు, సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనూ అడగండి.

రెండోది జీపీఏ. అసలు యజమాని ఎక్కడో ఉంటాడు, జనరల్ పవర్ పట్టుకున్న మనిషి అమ్ముతుంటాడు. జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం మారదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ మనిషి ద్వారా సరైన సేల్ డీడ్ రిజిస్టరయితే అది వేరే సంగతి. అప్పుడు కూడా అసలు యజమాని బతికే ఉన్నాడా, పవర్ రద్దు చేశాడా అన్నది కనుక్కోవాలి. జీపీఏ కాగితమే చేతిలో పెట్టి "ఇదే చాలు" అంటే మాత్రం లేచి వచ్చేయండి.

మూడోది అప్రూవల్ లేని లేఅవుటు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు ఏదైనా అమ్మకానికి పెట్టేముందు ఏపీ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) రిజిస్టరవ్వాలి. పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి లేని చోట రేపు ఇంటి ప్లానుకు అడ్డం వస్తుంది, బ్యాంకు లోను రాదు. బ్రోచరులో వేసిన నంబరును నమ్మకుండా రెరా సైటులో మీరే కొట్టి చూసుకోండి.

కొన్నాక కూడా ప్లాటును వదిలేయకూడదు. కల్లూరు దాటి బయటికి వెళ్తే ఎన్నో ప్లాట్లు కనిపిస్తాయి: కంపచెట్లు నడుముదాకా పెరిగి, హద్దురాళ్ళు ఎక్కడున్నాయో తెలియక, పక్క ప్లాటాయన కట్టుకున్న గోడ రెండడుగులు ఇవతలికి జరిగి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్ల ప్లాటులో ముప్పై అడుగుల పొడవునా రెండడుగులు పోతే దాదాపు ఏడు గజాలు పోయినట్టే. రిజిస్ట్రేషన్ అయిన నెలలోపే సర్వేయరుతో కొలిపించి, నాలుగు మూలలా రాతి కూసాలు నాటి కంచె వేయండి. ఏడాదికి రెండుసార్లయినా వెళ్ళి ఫోటోలు తీసుకోండి. ఖాళీ స్థలాన్ని ఇంకొకరు బహిరంగంగా తమదే అన్నట్టు పన్నెండేళ్ళు అనుభవిస్తే అసలు యజమాని హక్కే పోయే ప్రమాదం చట్టంలో ఉంది. ఊళ్ళో లేనివాళ్ళకు ప్లాటు వద్దని నేను చెప్పేది ఇందుకే.

ఫ్లాటు

ఫ్లాటులో కాగితాల తలనొప్పి కాస్త తక్కువ. బ్యాంకు లోను ఇస్తోందంటే వాళ్ళ లాయరు ఒకసారి చూసినట్టే, అయినా మీ లాయరు కూడా చూడాలి. వాచ్‌మన్ ఉంటాడు, గేటు ఉంటుంది, మీరు బెంగళూరులో ఉన్నా బాడుగకున్నవాళ్ళ ఫిర్యాదు సగం అసోసియేషన్ దగ్గరే తీరిపోతుంది.

అయితే కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉంటే 1 శాతమే. కట్టడం పూర్తయి, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే బేరంలో లక్షా రెండు లక్షలు తేడా వస్తుంది.

పెద్ద ఇబ్బంది ఇంకోటి. మీరు కొనేది గోడలు, వాటికింద నేలలో చిన్న అవిభాజ్య వాటా. పదిహేనేళ్ళకు గోడలు పాతబడతాయి, లిఫ్టు మారుస్తామంటారు, పక్కనే కొత్త అపార్ట్‌మెంటు లేస్తుంది. పెరిగేది నేల ధర, మీ వాటా నేల ముప్పై, నలభై గజాలు. సేల్ డీడ్‌లో ఆ వాటా ఎన్ని గజాలో స్పష్టంగా రాయించండి. ఇంకొకటి, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో కూడా మెయింటెనెన్స్ మీరే కట్టాలి. బాడుగ అగ్రిమెంటులో మెయింటెనెన్స్ ఎవరిదో రాయకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

పోర్షన్ల ఇల్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కర్నూలులో బాడుగ మీద బతికే కుటుంబాలు ఎక్కువగా ఇలాంటి ఇళ్ళ మీదే బతుకుతున్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలిసిన ఏ, బీ, సీ క్యాంపుల చుట్టూ బాడుగ ఇళ్ళ అలవాటు అప్పటి నుంచీ ఉంది. ఈరోజు సర్వజన వైద్యశాల, మెడికల్ కాలేజీ దగ్గర నర్సులు, డాక్టర్లు, ల్యాబు ఉద్యోగులు ఇళ్ళు వెతుక్కుంటారు. నంద్యాల రోడ్డు వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, లెక్చరర్లు. కలెక్టరేటు, కోర్టుల ఉద్యోగులు ఊళ్ళో ఎక్కడైనా. ఇలాంటి కొలువులకు నడిచి గానీ పది నిమిషాల బండి ప్రయాణంలో గానీ వెళ్ళగలిగే చోట ఇల్లుంటే టులెట్ బోర్డు ఎక్కువ రోజులు వేలాడదు.

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గోడల రంగు చూడటం కంటే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

వరద: 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ, నది ఒడ్డు కాలనీలు నీళ్ళలో మునిగాయి. ఆ ఏడాది ఈ వీధికి నీళ్ళు ఎంతవరకు వచ్చాయని ఇంటాయన్ని అడగొద్దు, ఎదురింటి ముసలావిడను అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి ఇదిగో ఇక్కడిదాకా అని చూపిస్తుంది. ఆ ఎత్తు కింద కింది పోర్షన్ ఉంటే బేరం తగ్గించుకోవాలి లేదా వదిలేయాలి.

నీళ్ళు: సుంకేసుల బ్యారేజీ నుంచి ఊరికి నీళ్ళు వస్తాయి గానీ ఎండాకాలంలో కుళాయి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. బోరు ఎంత లోతు, మేలో పోసిందా, సంపు ఎన్ని లీటర్లు, ట్యాంకు ఒకటేనా రెండా చూడండి. రెండు పోర్షన్లకు ఒకే ట్యాంకు ఉంటే "పైవాళ్ళే నీళ్ళన్నీ వాడేస్తున్నారు" అన్న మాట మీకు వారానికోసారి వినిపిస్తుంది. రెండు సింటెక్స్ ట్యాంకులు, రెండు పైపులు పెట్టించడానికి అయ్యే ఖర్చు ఆ తగాదాల ముందు ఏపాటిది?

కరెంటు: ప్రతి పోర్షన్‌కూ విడి మీటరు ఉండాలి. మోటారు, మెట్ల లైటు ఏ మీటరులో కలిపారో బోర్డు దగ్గర నిలబడి స్విచ్ వేసి చూసుకోండి. చాలా ఇళ్ళలో మోటారు కింది పోర్షన్ మీటరులో ఉంటుంది. స్లాబు పెరిగితే యూనిట్ రేటు పెరుగుతుంది కాబట్టి ఆ కింది వాళ్ళు తమ బిల్లుతో పాటు పైవాళ్ళ నీళ్ళకూ ఎక్కువ రేటు కడుతుంటారు. నెలకు ఇంత అని తగ్గించి ఇవ్వడం కంటే మోటారుకు సబ్ మీటరు పెట్టించి సగం సగం పంచడం న్యాయం.

వేడి: పై పోర్షన్‌లో స్లాబు మీద ఏమీ లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో లోపల ఉండలేరు. పిల్లలున్న కుటుంబం ఒక ఎండాకాలం చూసి వెళ్ళిపోతుంది. స్లాబు మీద తెల్లటి కూల్ పెయింటు వేయించినా, రేకుల షెడ్డు వేయించినా తేడా తెలుస్తుంది. కింద నేలకు బేతంచెర్ల నాపబండలుంటే నాకు ఇష్టం. టైలు పగిలితే అదే డిజైను దొరకదు, బండ అరిగితే మళ్ళీ పాలిష్ పెట్టించుకోవచ్చు.

వాస్తు: నమ్మకం ఎవరిది వాళ్ళది. కానీ బాడుగకు వచ్చేవాళ్ళు, రేపు కొనేవాళ్ళు తలుపు ఏ దిక్కుకు ఉందని అడిగే తీరతారు. దక్షిణం ముఖం ఇల్లు తక్కువకు వస్తే తక్కువకే పోతుందని గుర్తుపెట్టుకుని కొనండి.

ఇప్పుడు లెక్క. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క కోసం అనుకుంటున్న అంకెలు. 40 లక్షల ఇల్లు, రిజిస్ట్రేషన్‌తో 43 లక్షలు. కింద 8,000, పైన 6,500 బాడుగ. ఏడాదికి 1,74,000. అందులో ఒక నెల ఖాళీ, రిపేర్లకు 20,000, ఇంటి పన్ను, బీమా కలిపి 7,000 తీసేస్తే మిగిలేది 1,32,500. అంటే పెట్టిన డబ్బు మీద 3 శాతం. బ్యాంకు వడ్డీ కంటే తక్కువ. ఇది తెలిసే కొనాలి. మిగతా లాభం రెండు చోట్ల వస్తుంది: మూడు, నాలుగు సెంట్ల నేల మొత్తం మీదే, ఆ ధర పెరగడంలో, ఏటేటా పెరిగే బాడుగలో. బ్యాంకు వడ్డీ మాత్రం డిపాజిట్ ముగిసేదాకా అంతే ఉంటుంది.

కాబట్టి అప్పు చేసి కొనేవాళ్ళు జాగ్రత్త. 25 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అయితే నెల కంతు సుమారు 21,700. బాడుగ 14,500. నెలకు ఏడువేలకు పైగా జీతంలోంచి పోవాలి, ఇల్లు ఖాళీగా ఉన్న నెల మొత్తం జీతంలోంచే. "బాడుగే ఈఎంఐ కట్టేస్తుంది" అని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి.

పన్ను విషయం త్వరగా చెప్పేస్తాను. వచ్చిన బాడుగలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దానిలో 30 శాతం రిపేర్ల పేరుతో మినహాయిస్తారు, రసీదులు అడగరు. బాడుగకిచ్చిన ఇంటి లోను వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు. ఇల్లు భార్య పేరు మీద ఉన్నా, కొన్నది భర్త డబ్బుతో అయితే ఆ బాడుగ పన్ను లెక్కల్లో భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

అంగడి గది

బాడుగ ఎక్కువ, గోడకు సున్నం కూడా వాళ్ళే వేసుకుంటారు, పదేళ్ళు అదే మనిషి ఉంటాడు. ఇది నిజమే. కానీ ఖాళీ అయితే ఇంటికి దొరికినంత త్వరగా మనిషి దొరకడు. ఇంటి పన్ను వాణిజ్య రేటులో పడుతుంది, కరెంటు కూడా వాణిజ్య కేటగిరీ. కొనేముందు కార్పొరేషన్ మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు ఎంతకు గుర్తించారో తప్పకుండా చూడండి. రద్దీ రోడ్డు మీద గది అని ముచ్చటపడి కొన్నాక, రోడ్డు వెడల్పులో ముందు భాగం పోతే మిగిలేది బండి పెట్టుకునేంత జాగా. బాడుగకున్నవాడు ఇంకొకరి దగ్గర గుడ్‌విల్ పేరుతో డబ్బు తీసుకుని గది అప్పగించే అలవాటు కూడా ఉంది. మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని అగ్రిమెంటులో ఉండాలి.

నెల బాడుగా, భోగ్యమా?

ఇంటాయనకు ఒక్కసారిగా డబ్బు కావాల్సి వస్తుంది: పిల్ల పెళ్ళి, కొడుకు సీటు. అప్పుడు ఇల్లు భోగ్యానికి ఇస్తాడు. ఇంట్లో దిగేవాళ్ళు అయిదు లక్షలు ఇస్తారు, బాడుగ లేకుండా రెండేళ్ళో మూడేళ్ళో ఉంటారు, వెళ్ళేటప్పుడు ఆ అయిదు లక్షలు అలాగే తీసుకుపోతారు. నెల బాడుగ వసూలు చేసే టెన్షన్ లేదు కదా అని చాలామందికి ఇది బాగా అనిపిస్తుంది.

లెక్క వేయండి. ఆ ఇల్లు నెలకు 7,000 బాడుగ పలికేదైతే మీరు ఏడాదికి 84,000 వదులుకుంటున్నారు. అయిదు లక్షల మీద అది 16.8 శాతం. అంటే మీరు 16.8 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టు. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే 7 శాతం వస్తుందనుకున్నా, ఏటా దాదాపు 49 వేలు నష్టం. అదే మీకు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే 24 శాతానికి, తెచ్చిన అప్పు ఉండి దాన్ని తీర్చేయడానికి భోగ్యం తీసుకుంటే లాభమే. పాత అప్పు తీర్చడానికి తప్ప భోగ్యం వద్దని నేను చెబుతాను. గడువు తీరిన రోజున అయిదు లక్షలు మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తారో ముందే తెలిసి ఉండాలి. తెలియక, ఇంకొకరికి భోగ్యానికిచ్చి మొదటివాళ్ళకు కట్టి, అలా ఇల్లు ఏనాటికీ చేతికి రాని కుటుంబాలున్నాయి.

భోగ్యానికి ఉండేవాళ్ళకు కూడా ఒక మాట. ఇంత డబ్బు తెల్ల కాగితం మీద ఇవ్వకండి. ఇల్లు చేతికిచ్చి డబ్బు తీసుకున్న తాకట్టు రిజిస్టరు కావాల్సిందే. ఇంటి మీద బ్యాంకు లోను ఉందేమో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీసి చూడండి. డబ్బు చెక్కు ద్వారా గానీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా గానీ ఇవ్వండి. అప్పుగా గానీ, ఆస్తి కొనుగోలుకు అడ్వాన్సుగా గానీ 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే, తీసుకున్నవాళ్ళ మీద అంత మొత్తమూ జరిమానా పడే అవకాశం ఆదాయపు పన్ను చట్టంలో ఉంది.

ఎవరికి ఇవ్వాలి, ఎలా రాసుకోవాలి

విద్యార్థులకు ఇస్తే తలకింత అని లెక్కేసుకుంటే ఎక్కువ వస్తుంది, కానీ గోడలు, కుళాయిలు త్వరగా పాడవుతాయి, సెలవుల్లో ఖాళీ. కుటుంబాలు తక్కువ ఇచ్చినా పిల్లల బడి మారేదాకా కదలరు. నేనైతే కింద కుటుంబాన్ని, పైన ఉద్యోగస్థులను పెడతాను. "మీరు ఏమోళ్ళు" అని అడిగి గేటు దగ్గరే తిప్పి పంపడం మన ఊళ్ళో చాలా మామూలైపోయింది. అది తప్పు, అన్యాయం. మంచి మనుషులను మీరే పోగొట్టుకుంటున్నారు కూడా. ఏం ఉద్యోగం, ఎంతమంది, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఆ ఇంటాయన ఫోను నంబరు ఇస్తారా: ఈ నాలుగు ప్రశ్నలు చాలు. ఆ పాత ఇంటాయనతో అయిదు నిమిషాలు మాట్లాడితే మనిషి తీరు తెలిసిపోతుంది.

గడువు ఎప్పుడు ముగియాలో కూడా ఆలోచించి రాయండి. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో దిగరు. ఆషాఢానికి ముందు రోజు ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా తాళమే. గడువు ఏప్రిల్ చివర్లో ముగిసేలా పెడితే పిల్లల పరీక్షలయ్యాక ఇల్లు మారే కుటుంబాలన్నీ అప్పుడే వెతుకుతుంటాయి.

ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని అందరూ 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. కానీ మన రాష్ట్రంలో ఏడాది లోపు లీజును కూడా రిజిస్టరు చేయించాలి, ప్రతి 11 నెలలకూ కొత్తది రాయాలి. అందులో బాడుగ, అడ్వాన్స్, ఏటా ఎంత శాతం పెంపు, మోటారు బిల్లు ఎవరిది, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు, రంగు ఖర్చు ఎవరిది ఇవన్నీ ఉండాలి. దిగే రోజు ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు లెక్కపెట్టి, ఫోన్లో వీడియో తీసి ఆ వీడియో వాళ్ళకే వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్స్ తిరిగిచ్చే రోజు మాటకు మాట పెరగదు.

"పన్నెండేళ్ళు బాడుగకుంటే ఇల్లు వాళ్ళదవుతుందట కదా?" ఈ భయం ప్రతి ఓనరుకూ ఉంది. మీ అనుమతితో, మీకు బాడుగ కడుతూ ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళున్నా యజమానులు కారు. బాడుగకు దిగినవాళ్ళు ఇల్లు మీది కాదని కోర్టులో వాదించలేరు. కానీ అది బాడుగేనని చూపించడానికి ఆధారం కావాలి. నగదుగా, రసీదు లేకుండా, అగ్రిమెంటు లేకుండా ఏళ్ళ తరబడి నడిపితే ఆ ఆధారం మీ దగ్గర ఉండదు. నెలనెలా బ్యాంకు ఖాతాలోకి తీసుకోండి, చాలు.

బాడుగ ఇవ్వకుండా మొండికేస్తే కోపం రావడం సహజం. అయినా కరెంటు తీసేయడం, నీళ్ళు ఆపడం, తాళం మార్చడం చేయకండి. కేసు మీ మీదికే తిరుగుతుంది. ఖాళీ చేయమని లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపడం మొదటి మెట్టు. నూటికి ఎనభై తగాదాలు అక్కడే, పెద్దమనుషుల సమక్షంలో తేలిపోతాయని నా నమ్మకం. అడ్వాన్స్ రెండు మూడు నెలల బాడుగైనా ఉంటే ఆ మాటలు నడిచే రోజుల్లో మీకు నష్టం ఉండదు.

బయానా ఇచ్చేముందు

ఏ ఆస్తి కొన్నా వరస ఇదే. కనీసం 30 ఏళ్ళ ఈసీ తీయండి, లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు) జిరాక్సు తీసుకోండి, వారసుల్లో ఆడపిల్లల సంతకాలున్నాయో లేదో చూడండి. తండ్రి ఆస్తిని అన్నదమ్ములే పంచుకుని అమ్మేస్తే చెల్లెలి వాటా కేసు కొన్నవాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. పొలం మీద వేసిన లేఅవుటైతే అడంగల్, 1బీ (పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) మీభూమి సైటులో చూసి పేర్లు కలుస్తున్నాయో పోల్చండి. ఇవన్నీ మీకు తెలిసిన లాయరుకు చూపించి ఆయన అభిప్రాయం కాగితం మీద తీసుకోండి. లక్షల బేరంలో ఆయన ఫీజు ఖర్చే కాదు.

తర్వాతే బయానా. అది కూడా ధరలో చిన్న మొత్తమే, బ్యాంకు ద్వారానే. బయానా అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: కాగితాల్లో లోపం గానీ 22ఏలో ఉన్నట్టు గానీ బయటపడితే ఇచ్చిన డబ్బు మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అని. అమ్మేవాడు ఆ వాక్యానికి ఒప్పుకోకపోతే, "వేరే పార్టీ సాయంత్రం వస్తోంది, ఇప్పుడే ఇవ్వండి" అని తొందరపెడితే, ఆ స్థలం వేరే పార్టీకే వదిలేయండి. రాజవిహార్ నుంచి చెక్‌పోస్టు దాకా వీధివీధికీ అమ్మకానికి ఇళ్ళున్నాయి, ఇంకొకటి దొరుకుతుంది.